పైకి చూసి పలకరించే మనిషి

పొద్దున ఎనిమిదింటికి నాతో పనిచేసే ఖాన్ సాబ్ ఫోన్ చేసి, "సార్, కాక పోయిండు" అన్నాడు. ఏ కాక అని నేను అడగలేదు. గోదావరిఖనిలో పెద్దవాళ్లందర్నీ అలాగే పిలుస్తారు, సందుకో కాక ఉంటాడు గానీ మా ఇద్దరి మధ్య కాక అంటే ఒక్కడే. రెండేళ్లుగా మంచం దిగని మనిషి, ఏనాటికైనా వినాల్సిన కబురే. అయినా ముందుగా నాకు వచ్చింది దుఃఖం కాదు, భయం. చచ్చిపోయిన మనిషికి ఎందుకు భయపడాలో చెప్పాలంటే, ఆయన బతికుండగా ఎలాంటివాడో చెప్పాలి.

ఆయన ఎవరింటికి వెళ్లినా గడపలో ఆగి ముందు పైకి చూసేవాడు. ఈ మూల నుంచి ఆ మూల దాకా కప్పంతా ఒకసారి కలయజూసి, అప్పుడు తల దించి ఇంటివాళ్ల ముఖం చూసి, "అంత మంచిదేనా?" అని పలకరించేవాడు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నా భార్య నొచ్చుకుంది. "మీ కాకకి మన ఇంటి బూజు కనపడిందండీ, అందుకే అలా చూశాడు" అని, ఆయన గేటు దాటగానే చీపురు కర్రకు కట్టి బూజు దులిపింది. పెళ్లికి వెళ్తే ఫంక్షన్ హాల్లో గాజుదీపాల గుత్తి కింద ఆయన కూర్చోగా ఎవరూ చూడలేదు. విస్తరి ఎక్కడ వేసినా దాన్ని గోడవారకు జరుపుకునేవాడు. వడ్డించేవాళ్లు విసుక్కునేవాళ్లు. "మీరు వడ్డించుకుంట పోండ్రి బిడ్డా, నేను పారిపోత లేను గద" అనేవాడు.

ఇక్కడ బొగ్గు గనిని బాయి అంటారు. ఆయన ఆ బాయిలో సర్దారు. షిఫ్టులో మనుషులు పనిజాగాలోకి దిగకముందే సర్దారు వెళ్లి పైకప్పును కర్రతో కొట్టి చూడాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన రాయి పగిలిన కుండలా డొల్లగా పలుకుతుంది. ఒక చేత్తో కర్ర కొడుతూ రెండో అరచెయ్యి కప్పుకు ఆనించి పెట్టాలి, చెవికి అందని అదురు అరచేతికి తెలుస్తుంది. ఇది సర్దార్లందరూ చేసే పనే. కానీ ఆయన కొట్టేటప్పుడు వెనక నిలబడ్డవాళ్లు దగ్గు కూడా ఆపుకునేవాళ్లు. ఎప్పుడూ మూడు దెబ్బలు. ఎందుకు మూడు అని అడిగితే, "ఒక్క దెబ్బకు రాయి ఇనదు సార్, పండుకోని ఉంటది. లేపాలె" అనేవాడు. బాగుంటే "రాండ్రి" అనేవాడు. బాగా లేకపోతే నోరు తెరిచేవాడే కాదు. దారికి అడ్డంగా రెండు చేతులూ బారజాపి నిలబడేవాడు. ఆ చేతులు దాటి మేనేజరైనా అడుగు వేసేవాడు కాదు.

నేను వేశాను, కనీసం వెయ్యబోయాను. మా నాన్న గుంటూరు వైపు నుంచి పవర్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చాడు, నేను జ్యోతినగర్ క్వార్టర్లలో పెరిగి, చదువుకుని, ఇదే బాయికి అండర్‌మేనేజరుగా వచ్చాను. వచ్చిన వారంలోనే ఆయన చేతులు చాచడం చూశాను. బొగ్గు టన్నుల లెక్క నా నెత్తి మీద ఉంది. "ఎంతసేపు కాకా ఈ నాటకం?" అన్నాను. "మీరు సదువుకున్నరు సార్. నేను ఇన్న. పది నిమిషాలు ఆగుండ్రి" అన్నాడు. పది నిమిషాలు కూడా కాలేదు. మంచమంత రాయి మా కళ్ల ముందు ఊడి పడింది. దుమ్ము తగ్గాక నేను ఆయన వైపు చూస్తే, ఆయన సీసా ఎత్తి నీళ్లు తాగి, "ఇగ సాఫ్ చేసుకోని పనిల వడుదాం" అన్నాడు. ఆ తర్వాత ఈ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ మనిషి చెవి ఎలాంటిదో నాకు తెలియక తప్పు చేశానని నేను అనలేను.

కప్పుకు బోల్టులు బిగించే కొత్త యంత్రం కొనే ముందు చూసి రమ్మని కంపెనీ మమ్మల్ని జర్మనీ పంపింది. నేనూ, ఎలక్ట్రికల్ ఇంజనీరు ఖాన్ సాబూ, రేపు దాని కింద నిలబడి పని చేయించేవాడు కూడా చూడాలని కాకా. ఆయన లక్ష్మీనగర్ బజారులో మెరూన్ రంగు స్వెట్టర్ కొనుక్కుని, గోదావరిఖనిలో బస్సెక్కినప్పుడే తొడుక్కున్నాడు. ఎండ మండిపోతోంది. "తియ్యి కాకా, ఉడికిపోతవ్" అని ఖాన్ సాబ్ అంటే, "తీసినంక మళ్ల ఎవలు తొడగాలె, ఉండనీ" అన్నాడు. విమానం ఎక్కగానే నెత్తి మీది సామాన్ల అరను వేలితో కొట్టి చూసి పెదవి విరిచాడు. హోటలు గదిలో మంచాన్ని గోడకు జరుపుకున్నాడు. రోజూ రాత్రి ఇంటికి ఫోన్ చేసి కూతురుతో ఏ భవనం కప్పు ఎట్లా ఉందో చెప్పేవాడు.

ఆఫీసు పని మీద పరాయి దేశం వెళ్లి, యంత్రాలు మాత్రమే చూసి వస్తే ఇంట్లో ముఖం ఎలా చూపిస్తాం? నేను ఇక్కడి నుంచి బయలుదేరకముందే జాబితా రాసుకున్నాను. రెండో రోజు ఫ్యాక్టరీ పని పెందలాడే ముగించి నదిలో పడవ. మూడో రోజు మధ్యాహ్నం భోజనం మానేసి పాత చర్చి గోపురం. ఆఖరి రోజు సాయంత్రం విమానం కాబట్టి పొద్దున ఖాళీ. దానికి నేను ఏరి పెట్టుకున్నది ఒక పాత బొగ్గు గని. ఎప్పుడో మూసేశారు, ఇప్పుడు టికెట్ పెట్టి యాత్రికులకు చూపిస్తారు. ఖాన్ సాబ్ తల పట్టుకున్నాడు. "ఏంది సార్, దినాం బాయిలనే సస్తం. ఇంత దూరమొచ్చి పైసలు వెట్టి మళ్ల బాయిలకేనా? పిల్లలకు చాక్లెట్లన్న కొనుక్కోనియ్యండ్రి." కాక మాత్రం సంబరపడ్డాడు. "ఆళ్ల కప్పు ఎట్లుంటదో సూద్దాం" అన్నాడు.

లిఫ్టులో పదిహేను మందిమి దిగాం. అందరికీ తెల్ల హెల్మెట్లు ఇచ్చారు. చూపించే అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయేమో, నవ్వు ముఖం. పైన తుంపర పడుతుండటంతో కాక చేతిలో గొడుగు ఉంది. మొదటి దారిలోనే గొడుగు పిడితో కప్పును కొట్టి, అరచెయ్యి ఆనించి, చాన్నాళ్లకు చుట్టం కనిపించినట్టు మురిసిపోయాడు. "గట్టిగున్నది సార్" అన్నాడు. యాత్రికులకు ఇదంతా వినోదంగా ఉంది. మలుపు తిరిగితే రెండో దారి. అక్కడ పాతకాలం కార్మికుల మైనపు బొమ్మలు నిలబెట్టి, మసక దీపాలు పెట్టారు. ఆయన మళ్లీ కొట్టాడు. ఇంకోసారి. ఇంకోసారి. ముఖంలో నవ్వు పోయింది. గబగబా ఆ అమ్మాయిని దాటుకుని ముందుకెళ్లి, మా వైపు తిరిగి రెండు చేతులూ బారజాపాడు.

"సార్, అందర్ని ఎనుకకు రమ్మనుండ్రి. ఇది బాగ లేదు."

నేను నవ్వుతూనే ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. ఇక్కడ రోజూ పరీక్ష చేస్తారు, భయం లేదని ఆ అమ్మాయి చెప్పింది. ఆయన కదల్లేదు. వెనకనున్న ఒకావిడ ఫోను తీసి వీడియో మొదలుపెట్టింది. నాకు చెవులు వేడెక్కాయి. అంతమంది ముందు మా ఊరి పరువు పోతోందనిపించింది. ఆ పరువు ఎలా కాపాడానో తెలుసా? నేను కూడా నా ఫోను తీసి వీడియో పట్టాను, నేను ఆయన పక్షం కాదని అందరికీ తెలియాలని. తర్వాత దగ్గరికెళ్లి, ఆయన చేతులను నా చేతులతో కిందికి దించాను.

"కాకా, ఇది మన బాయి కాదు. బొమ్మల కొలువు. పద, నవ్వుతున్నారు."

"నవ్వనీ సార్. నేను రాను. మీరు గూడ పోవద్దు."

మేం వెళ్లాం. అందరం ఆ కప్పు కింద నుంచి నడిచాం, బొమ్మల పక్కన ఫోటోలు దిగాం. ఏమీ కాలేదు. చిటికెడు దుమ్ము కూడా రాలలేదు. తిరిగి వచ్చేసరికి ఆయన మలుపు దగ్గరే నిలబడి, ఒక్కొక్కరినీ వేలు చూపిస్తూ చివరి మనిషి దాకా లెక్కపెట్టుకుంటున్నాడు. పైకి వచ్చాక ఖాన్ సాబ్ ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, "ఈయన ముప్పై ఏళ్లు ఇదే పని చేసిన మనిషి, మీ పెద్దవాళ్లకు ఒక మాట చెప్పండి" అన్నాడు. ఆమె రాసుకుంది. ఎవరికి జవాబు పంపాలి అని అడిగితే ఇంగ్లీషు బాగా వచ్చినవాణ్ని నేనే కాబట్టి నా ఈమెయిల్ ఇచ్చాను.

వీడియో మాత్రం విమానం ఎక్కకముందే బాయి వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

నాకు నోరెక్కువ. నలుగురు చేరితే కథ చెప్పకుండా ఉండలేను, చెబితే నవ్వకుండా ఎవరూ ఉండలేరు. క్యాంటీనులో, మేనేజర్ల మీటింగు మధ్యలో, పెద్దపల్లి స్టేషన్లో రైలు కోసం నిలబడ్డప్పుడు కూడా ఆ కథ చెప్పాను. చేతులు చాచి, ఆయన గొంతు పెట్టి, "ఇది బాగ లేదు" అనేవాణ్ని. చెప్పేకొద్దీ కథ పెరిగింది. మైనపు బొమ్మలను కూడా బయటికి రమ్మన్నాడని కలిపాను. కొన్నాళ్లకు ఆయన హాజరు వేసే మస్టర్ దగ్గరికి రాగానే కుర్రకారు చేతులు చాచి, "కాకా, లోపటికి రావాల్నా, వద్దా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆయనా నవ్వేవాడు. "నవ్వుండ్రి, నవ్వుండ్రి, పనికి పోదాం పాండ్రి" అనేవాడు. ఖాన్ సాబ్ ఒకరోజు నాతో, "సార్, ఇగ బస్ చెయ్యండ్రి. ముసలాయన మొఖం సూస్తున్నరా?" అన్నాడు. నేను చూడలేదు. చూసే తీరిక ఎక్కడిది, అందరూ నవ్వుతుంటే?

చూసింది ఒకటుంది. ఒకరోజు ఇన్‌స్పెక్షనుకు దిగి దూరం నుంచి వస్తున్నాను, నా దీపం ఆయనకు కనపడలేదు. ఆయన కర్ర ఎత్తి, కొట్టకుండా ఆగి, ఇటూ అటూ చూశాడు. ఎవరూ చూడటం లేదని నిర్ధారణ చేసుకుని ఒక్క దెబ్బ కొట్టాడు. ఒక్కటే. దొంగతనం చేస్తున్నవాడిలా కర్ర వెనక్కి పెట్టుకున్నాడు. అప్పుడైనా ఆగి మాట్లాడి ఉండాల్సింది. ఆగలేదు.

జర్మనీ నుంచి వచ్చిన మూడు నెలలకు ఈమెయిల్ వచ్చింది. రాసింది ఆ పాత గనికి సంరక్షకుడు, ఆయనా ఒకప్పుడు గని కార్మికుడే. 'మీ మిత్రుడు ఆపమన్న చోట మా వాళ్లు తెరిచి చూశారు. లోపల పెద్ద రాయి పొర విడిపోయి ఉంది. ఆ దారిని యాత్రికులకు మూసేశాం. ఆ రోజు నవ్వినందుకు మా తరఫున క్షమాపణ. ఆయన చెవి చాలా మంచిది, ఆయన చెయ్యి నా తరఫున ఒకసారి పట్టుకుని ఊపండి.' ఇంతే ఉత్తరం.

చదివి కుర్చీలోంచి లేచాను. వెంటనే ఆయనను పిలిపిద్దామనే అనుకున్నాను, ఒట్టు. కానీ ఆ సాయంత్రం క్లబ్బులో ఒక పెద్దాయన పదవీ విరమణ సభ ఉంది. మైకు నా చేతికొచ్చింది. ముందు వరసలోంచి, "సార్, జర్మనీ ముచ్చట" అని అరిచారు. ఉత్తరం సంగతి చెబితే ఆ కథలో నవ్వేం మిగులుతుంది? నవ్వాల్సింది నన్ను చూసి కదా. అందుకని కథే చెప్పాను. హాలు దద్దరిల్లింది. కాక గోడవారన కూర్చుని, తల వంచుకుని, అందరితోపాటు నవ్వుతున్నాడు. నా ఫోనులో ఆ ఉత్తరం ఉంది. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు వారమైంది, నెలైంది. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏం జవాబివ్వాలన్న సిగ్గు దానికి తోడైంది. వానలు మొదలయ్యాయి. వానాకాలంలో కప్పు రాయి ఊరికే ఉండదు. అది తెలిసీ, ప్రతిరోజూ ఆయన దిగుతుంటే చూసీ, నోరెక్కువ వాణ్ని ఆ ఒక్క విషయంలో నోరు మూసుకున్నాను.

మొదటి షిఫ్టు, పొద్దున పది గంటలకు కింద నుంచి ఫోను. కప్పు కూలింది, కాక చిక్కుకున్నాడు. ఆయన కింద పని చేసే ముగ్గురూ క్షేమం. వాళ్లు ఆ జాగాలో లేరు. దుంగలు తెమ్మని ముగ్గురినీ కాకే వెనక్కి పంపాడట. రెండు దుంగలకు ముగ్గురెందుకని వాళ్లు గొణుక్కుంటూ వెళ్తుంటే వెనక పెద్ద చప్పుడు.

నడుము, కుడి కాలు నుజ్జయ్యాయి. ప్రాణం దక్కింది గానీ ఆయన మళ్లీ నడవడని డాక్టర్లు తేల్చేశారు. నాలుగో రోజు దవాఖానకు వెళ్లాను. మంచం పక్కన ఎవరూ లేరు. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఇంక దాచలేక, కూర్చోకుండానే చెప్పేశాను.

"కాకా, ఆ జర్మనీ వాళ్లు ఉత్తరం రాశారు. నువ్వు చేతులు చాచిన చోట నిజంగానే రాయి విడిపోయి ఉందట. దారి మూసేశారట. నీ చెవి మంచిదని రాశారు."

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. నా వైపు తల తిప్పి అడిగాడు.

"ఎప్పుడొచ్చింది సార్?"

ఐదు నెలలైంది. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది.

"మొన్ననే" అన్నాను.

"మొన్ననా? అయ్యో. జర ముందొస్తె ఎంత బాగుండు సార్." ఆయన గొంతులో నా మీద అనుమానం లేదు, తన రాత మీద విచారమే ఉంది. "నాకు ఇనవడ్డది సార్. ఒక్క దెబ్బకే ఇనవడ్డది. కని ఆ దేశంల గూడ గట్లనే ఇనవడ్డది, ఏం గాలేదాయె. నా చెవు పోయింది, ముసలోన్నయిన అనుకున్న. చేతులు చాపితె పోరగాండ్లు నవ్వుతరని కట్టెల సాకు జెప్పి పంపిన. ఇంకోసారి కొట్టి సూస్త, నా చెవుదే తప్పా ఏందని నిలవడ్డ. చెవు మంచిదే అని తెలిసుంటె, నేను గూడ ఆళ్లతోని ఎనుకకు వచ్చేటోన్ని."

అప్పుడే నర్సమ్మ వస్తే ఆమె కొంగు పట్టుకుని, "సిస్టరమ్మా, జర్మనీల రాయి విడ్డదట! ఉత్తరం రాసిండ్రట!" అని చెప్పాడు. ఆ నవ్వు చూడలేక నేను వరండాలోకి వచ్చేశాను.

రెండేళ్లు ఆయన ఆ ముచ్చటే చెప్పాడు. చూడ్డానికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. నేను వెళ్తే చాలు, "ఈ సారే, ఉత్తరం ముచ్చట తెచ్చిన సారు. అందరు నన్ను నవ్వినా ఈ సారు మాత్రం నిజం దాయలే" అని చుట్టాలకు పరిచయం చేసేవాడు. పుండు మీద కారం చల్లినా అంత మండదు. వెళ్లడం తగ్గించాను. తర్వాత మానేశాను.

ఇప్పుడు ఆయన పోయాడు. అంత్యక్రియల నాడు గుంపులో వెనక నిలబడి వచ్చేద్దామనుకున్నాను. ఆయన కూతురు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పెద్దపల్లిలో బడిపంతులమ్మ.

"సార్, బాపు పొద్దు లేస్తె ఆ ఉత్తరం ముచ్చటనే చెప్పెటోడు. మేం కండ్లతోని ఎన్నడు సూడలే. మీ తాన ఉంటె ఒక కాగితం తీసియ్యండ్రి. దినాల నాటికి ఫోటో పక్కన పెట్టుకుంటం."

సరే అన్నాను. ఆ రాత్రి కంప్యూటరు ముందు కూర్చుంటే, ఉత్తరం నెత్తి మీదనే తేదీ. తీసెయ్యడం నిమిషం పని. తీసేసి ఒక కాగితం, తీయకుండా ఒక కాగితం ప్రింటు తీశాను. రెండూ చెరో జేబులో పెట్టుకుని మర్నాడు వెళ్లాను. ఇంటి ముందు గదిలో ఆయన ఫోటో, దాని కింద దీపం. ఆయనకు ఒకసారి అబద్ధం చెప్పాను. ఆ ఫోటో ఎదుట రెండోసారి చెప్పడం నావల్ల కాలేదు. తేదీ ఉన్న కాగితమే తీసి ఇచ్చాను.

కూతురు ముందు చదివింది ఆ తేదీనే. పెదవులు కదిపి, కప్పు కూలిన నాటి దాకా నెలలు లెక్కపెట్టుకుంది. లోపలి నుంచి వాళ్ల అవ్వ, అంటే కాక భార్య, వచ్చి, "ఏం రాసిండ్రు బిడ్డా?" అని అడిగింది. కూతురు ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. చెవి మంచిదని, చెయ్యి పట్టుకుని ఊపమన్నారని, క్షమించమన్నారని. తేదీ చెప్పలేదు. ముసలమ్మ ఏడుస్తూనే నవ్వింది. "నవ్విన నాపచేనే పండుతదని నేనెప్పుడో అన్న. సారుకు చాయ్ తాగిచ్చి పంపు బిడ్డా, మనకు ఇంత మేలు జేసిండు" అంది.

చాయ్ తాగాను. కూతురు గేటు దాకా వచ్చింది. అక్కడ ఆగి, నా ముఖం చూడకుండా, మెల్లగానే మాట్లాడింది.

"అవ్వకు తారీఖులు తెల్వయి సార్. నేను చెప్ప గూడ చెప్ప. బాపు మిమ్ముల నమ్మే పోయిండు, గట్లనే ఉండనీ. దినాలకు మాత్రం మీరు రాకుండ్రి."

సరేనమ్మా అన్నాను.